నలుగురు పనిచేసే ల్యాబ్, 250 కోట్ల చట్టం

మా ఊళ్లో బస్టాండు వెనక వీధిలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉంది. రెండు గదులు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, యజమానితో కలిపి నలుగురు మనుషులు. కిందటేడు అమ్మకు షుగర్ టెస్టు చేయించి ఇంటికొచ్చాను. రాత్రి ఏడింటికి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. తెరిచి చూస్తే అది అమ్మది కాదు. ఇరవై రెండేళ్ల అమ్మాయిది, గర్భనిర్ధారణ పరీక్ష. పైన పేరు, వయసు, రాసిన డాక్టరు పేరు, ఫోను నంబరు అన్నీ ఉన్నాయి.

వెంటనే చెరిపేసి ల్యాబ్‌కి వెళ్లాను. యజమాని మొహం పాలిపోయింది. "రెండు ఫైళ్లూ ఒకేసారి సేవ్ అయ్యాయన్నా. మావాడు పేరు చూసుకోకుండా పంపేశాడు" అన్నాడు. మరి అమ్మ రిపోర్టు ఎటు పోయిందని అడిగాను. ఆ అమ్మాయి నంబరుకే పోయిందట. అమ్మకు షుగర్ ఎంతుందో ఇంకొకరికి తెలిస్తే ఆమెకు పోయేదేమీ లేదు. కానీ ఆ అమ్మాయి కాగితం మా ఇంటికి కాక, వాళ్లింటికి నాలుగు గుమ్మాల అవతల ఉన్న ఇంటికి వెళ్లి ఉంటే? చిన్న ఊళ్లో ఒక కబురు ఎంత దూరం పోతుందో అక్కడ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇలాంటివి జరగకూడదనే మన దేశంలో ఒక చట్టం వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం పడింది 2023 ఆగస్టు 11న. నియమాలు వెలువడింది 2025 నవంబరులో. అందులో వ్యాపారులు పాటించాల్సిన నిబంధనల్లో చాలావాటికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నెల నుంచి అవి అమల్లోకి వస్తాయి. మన వివరాలకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. వివరాలు బయటికి పొక్కిన సంగతి చెప్పకుండా దాచిపెడితే 200 కోట్ల దాకా.

ఈ అంకె విని ల్యాబ్ యజమాని నన్నడిగిన మాట ఇది: "నాకూ అంతేనా అన్నా? కోట్లమంది వివరాలు పెట్టుకునే కంపెనీకీ అంతేనా?"

చట్టం అక్షరాలా చూస్తే, అంతే. గరిష్ఠ జరిమానా ఇద్దరికీ ఒకటే. అందుకే ఈ 250 కోట్లను ముందు తూకం వేసి చూడాలి.

2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం ఏడాదికి 10 కోట్ల టర్నోవరు దాటనిది సూక్ష్మ సంస్థ, 100 కోట్లు దాటనిది చిన్న సంస్థ. పెట్టుబడి పరిమితులు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. 250 కోట్లంటే చిన్న సంస్థల్లోకెల్లా పెద్దదానికి రెండున్నరేళ్ల అమ్మకాలు. సూక్ష్మ సంస్థల్లో పెద్దదానికి పాతికేళ్ల అమ్మకాలు. అదే ఏడాదికి లక్ష కోట్ల టర్నోవరున్న కంపెనీ అయితే రోజుకు 274 కోట్లు అమ్ముతుంది. దానికి 250 కోట్లంటే ఒక రోజు గల్లాపెట్టె కూడా కాదు.

జరిమానా నిర్ణయించే డేటా ప్రొటెక్షన్ బోర్డు కళ్లు మూసుకుని గరిష్ఠ జరిమానా వేస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 33వ సెక్షను ప్రకారం తప్పు తీవ్రత ఎంత, ఎన్నాళ్లు సాగింది, ఎలాంటి డేటా పోయింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, జరిమానా పడితే ఆ సంస్థ ఏమవుతుంది అన్నవన్నీ అది చూడాలి. మా ల్యాబ్ మీద 250 కోట్లు ఎవరూ వేయరు. కానీ పై గీత ఎక్కడ గీశామన్నది ముఖ్యం. ఆ గీత చిన్నవాడికి ఆకాశంలో ఉంది, పెద్దవాడికి మోకాలి ఎత్తులో ఉంది.

మొదట్లో ఇలా అనుకోలేదు. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలోనూ, 2019లో పార్లమెంటుకు వచ్చిన బిల్లులోనూ తీవ్రమైన తప్పులకు జరిమానా 15 కోట్లు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం, ఏది ఎక్కువైతే అది. లక్ష కోట్ల కంపెనీకి 4 శాతమంటే 4,000 కోట్లు. 2022 ముసాయిదాకి వచ్చేసరికి శాతం పోయింది, 500 కోట్ల పరిమితి వచ్చింది. 2023 చట్టంలో ఒక్కో తప్పుకు విడివిడిగా పరిమితులు పెట్టారు, వాటిలో పెద్దది 250 కోట్లు. శాతం మాట మళ్లీ రాలేదు. నా దృష్టిలో ఈ చట్టం ప్రయాణంలో జరిగిన అతి పెద్ద నష్టం ఇదే.

జరిమానా అయినా ఎప్పుడో ఒకరికి పడేది. నిబంధనలు పాటించడానికయ్యే ఖర్చు అలా కాదు, రోజూ అందరూ పెట్టాల్సిందే. చిన్నా పెద్దా తేడా అసలు కనబడేది అక్కడ.

దీనికి నాకు తెలిసిన మంచి లెక్క అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానిది. అక్కడ వినియోగదారుల గోప్యతా చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. దానికి ముందు, 2019 ఆగస్టులో, ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం కోసం ఆర్థికవేత్తలు ఒక అంచనా వేశారు. చట్టానికి తగ్గట్టు సర్దుకోవడానికి మొదటిసారి అయ్యే ఖర్చు 20 మందికి లోపు సిబ్బంది ఉన్న సంస్థకు 50,000 డాలర్లు. 20 నుంచి 100 మంది ఉంటే లక్ష డాలర్లు. 100 నుంచి 500 మంది ఉంటే 4,50,000. అంతకు మించితే 20 లక్షల డాలర్లు. రాష్ట్రం మొత్తానికి కలిపి 5,500 కోట్ల డాలర్లు, అంటే 2018 నాటి రాష్ట్ర ఉత్పత్తిలో దాదాపు 1.8 శాతం.

పైపైన చూస్తే పెద్దవాడే ఎక్కువ పెడుతున్నాడు కదా అనిపిస్తుంది. తలసరి తీసి చూడండి. పది మంది ఉన్న సంస్థకు మనిషికి 5,000 డాలర్లు. వంద మంది ఉన్నచోట వెయ్యి. 500 మంది ఉంటే 900. పది వేల మంది ఉన్న కంపెనీకి 200. ఒకే పనికి చిన్నవాడు పెద్దవాడి కంటే పాతిక రెట్లు ఎక్కువ మోస్తున్నాడు. పది మంది సంస్థకు ఆ 50,000 డాలర్లంటే అప్పటి మారకంలో సుమారు 35 లక్షల రూపాయలు.

ఇందులో ఎవరి కుట్రా లేదు. లాయరుతో గోప్యతా నోటీసు రాయించాలి. ఆ నోటీసు పది మంది చదివినా పది కోట్ల మంది చదివినా రాసేది ఒకసారే. సాఫ్ట్‌వేరులో "నా వివరాలు తీసేయండి" అనే బటన్ పెట్టాలి. ఆ కోడ్ కూడా ఒకసారే రాస్తారు. పెళ్లికి వేసే షామియానా లాంటిదిది. వంద మంది వచ్చినా వెయ్యి మంది వచ్చినా గుంజలు పాతక తప్పదు. వెయ్యి మంది వచ్చే పెళ్లిలో ఆ ఖర్చు విస్తళ్ల లెక్కలో కలిసిపోతుంది. వంద మంది పెళ్లిలో అదే పెద్ద పద్దు.

అందుకే కాలిఫోర్నియా చిన్న సంస్థలకు ఒక గడప పెట్టింది. ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల ఆదాయం దాటితేనో, 50,000 మంది వినియోగదారుల, ఇళ్ల లేదా పరికరాల వివరాలు చేతులు మారుతుంటేనో, ఆదాయంలో సగం డేటా అమ్మకాల మీద వస్తుంటేనో చట్టం వర్తించేది. 50,000ను 365తో భాగిస్తే 137. రోజుకు 137 మంది కొత్తవాళ్లు తొంగిచూసే వెబ్‌సైటు ఉన్న కొట్టువాడు కూడా గడప దాటేసినట్టే. ఆ పొరపాటును వాళ్లే సరిదిద్దుకున్నారు. 2023 నుంచి ఆ సంఖ్యను లక్షకు పెంచి, పరికరాల లెక్క తీసేశారు.

ఇక యూరప్. జీడీపీఆర్ అనే అక్కడి నియమావళి 2018 మే 25న అమల్లోకొచ్చింది. జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం, ఏది ఎక్కువైతే అది. చిన్న సంస్థల మీద దయతో పెట్టిన మినహాయింపు ఒకటుంది. 250 మందికి లోపు సిబ్బంది ఉంటే, డేటాతో ఏమేం చేస్తున్నామో రాసే రిజిస్టరు పెట్టనక్కర్లేదు. కానీ పక్కనే ఇంకో మాట చేర్చారు: ఆ పని అప్పుడప్పుడు మాత్రమే చేసేదై ఉండాలి. నెలనెలా జీతాలిచ్చే ప్రతి సంస్థా సిబ్బంది వివరాలను క్రమం తప్పకుండా వాడుతుంది కదా. అలా ఆ మినహాయింపు కాగితం మీదే మిగిలింది. ఏడేళ్ల తర్వాత, 2025 మేలో, యూరోపియన్ కమిషన్ ఆ సంఖ్యను 750కి పెంచి, ప్రమాదం ఎక్కువున్న పనులకే రిజిస్టరు అడగాలని ప్రతిపాదించింది.

జీడీపీఆర్ వచ్చిన తర్వాత ఏం జరిగిందో ఆర్థికవేత్తలు చాలానే కొలిచారు. అమలు మొదలైన వారానికి యూరప్ పాఠకుల విషయంలో వెబ్‌సైట్లు వాడే బయటి సాంకేతిక సంస్థల సంఖ్య 15 శాతం తగ్గిందని, ఆ రంగంలో కేంద్రీకరణ 17 శాతం పెరిగిందని 27,000కు పైగా వెబ్‌సైట్లను గమనించిన జాన్సన్, ష్రైవర్, గోల్డ్‌బర్గ్ తేల్చారు. బాగా పెరిగింది గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల వాటానే. భయం వేసినప్పుడు ఎవరైనా చిన్నవాణ్ణి వదిలేసి పేరున్నవాడి దగ్గరికే పోతారు. అయితే ఈ అధ్యయనాన్ని ఉదహరించేవాళ్లు సగమే చెప్పి వదిలేస్తుంటారు. మొత్తమ్మీద చూస్తే ఆ తేడా 2018 చివరికల్లా సర్దుకుంది. నియంత్రణ సంస్థల నిఘా ఎక్కువున్న ప్రకటనల విభాగంలోనే నిలిచిపోయింది.

ఆక్స్‌ఫర్డ్ మార్టిన్ స్కూల్ పరిశోధకులు 61 దేశాల సంస్థల లెక్కలు తీశారు. యూరప్ వినియోగదారులతో పనిపడే సంస్థల లాభాలు సగటున 8 శాతం, అమ్మకాలు 2 శాతం తగ్గాయన్నారు. ఆ దెబ్బలో ఎక్కువ భాగం చిన్న, మధ్యతరహా సంస్థలే తిన్నాయి. పెద్ద టెక్ కంపెనీల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు.

గూగుల్ ప్లే స్టోరులో 2016 నుంచి 2019 వరకు ఉన్న 41 లక్షల యాప్‌లను చూసిన ఇంకో అధ్యయనం ప్రకారం, జీడీపీఆర్ తర్వాత మూడో వంతు యాప్‌లు తెరమరుగయ్యాయి. కొత్తగా వచ్చేవి సగానికి పడిపోయాయి. ఆ పరిశోధకులు దీన్ని నష్టంగానే లెక్కించారు. నేను ఆ లెక్కను పూర్తిగా ఒప్పుకోలేను. టార్చిలైటు యాప్ మన ఫోనులోని నంబర్లన్నీ ఎందుకు అడిగేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పోయిన వాటిలో అలాంటివి ఎన్ని, నిజంగా పనికొచ్చే చిన్న కుర్రాళ్ల ప్రయత్నాలు ఎన్ని అన్నది విడదీయకుండా మూడో వంతు పోయాయని బాధపడటం సరికాదు. కొత్తవాటి రాక సగానికి పడిపోవడం మాత్రం నన్నూ కలవరపెడుతుంది. ఆ రాకుండా పోయినవాటిలో ఏముండేదో ఇక ఎవరూ చూడలేరు.

మరో అంకె నాకు ఆశ కలిగిస్తుంది. జీడీపీఆర్ వచ్చిన రెండేళ్లలో యూరప్ సంస్థలు తాము దాచుకునే డేటాను, అమెరికా సంస్థలతో పోలిస్తే, 26 శాతం తగ్గించుకున్నాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చెప్పింది. దాస్తే దొంగలు పడే సరుకు నాలుగో వంతు ఇంట్లోంచి బయటికి పోయింది. ఈ చట్టం చేయాల్సిన పని అదే.

సమ్మతి విషయంలోనూ పెద్దవాడికే వాటం. ఒక పెద్ద కంపెనీ దగ్గర ఈమెయిలు, మ్యాపులు, వీడియోలు, ఫోన్ సాఫ్ట్‌వేరు అన్నీ ఉంటాయి. ఒక్కసారి ఒప్పుకుంటున్నానని నొక్కితే వాటన్నిటికీ తలుపు తెరుచుకుంటుంది. కొత్తగా వచ్చిన చిన్న యాప్ కూడా అదే ప్రశ్న అడగాలి, అడిగి ఇవ్వగలిగేది ఒకే ఒక్క సేవ. ముక్కూ మొహం తెలియనివాడికి మనం సులువుగా సరే అనం. క్యాంప్‌బెల్, గోల్డ్‌ఫార్బ్, టక్కర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జీడీపీఆర్ రాకముందే, 2015లోనే, ఈ సంగతి రాశారు.

మరి టర్నోవరులో శాతం లెక్కన జరిమానా వేస్తే పెద్దవాళ్లు నిజంగా దెబ్బ తింటారా? రెండు ఉదాహరణలు చూద్దాం. 2019 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్ మీద 5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతకుముందు ఏడాది దాని మాతృసంస్థ ఆల్ఫబెట్ ఆదాయం 13,680 కోట్ల డాలర్లు. లెక్కేస్తే ఆ జరిమానా నాలుగు గంటల ఆదాయం కూడా కాదు. 2023 మేలో ఐర్లండ్ నియంత్రణ సంస్థ మెటా మీద 120 కోట్ల యూరోలు వేసింది. జీడీపీఆర్ కింద అప్పటికి అంత పెద్ద జరిమానా లేదు. 2022లో మెటా ఆదాయం 11,660 కోట్ల డాలర్లు. అంటే నాలుగు రోజుల అమ్మకాలు. నాలుగు గంటల నుంచి నాలుగు రోజులకు రావడానికి నాలుగేళ్లు పట్టిందన్నమాట. ఇంకా 4 శాతం దాకా వెళ్లలేదు, కానీ వెళ్లడానికి దారి ఉంది. మన చట్టంలో ఆ దారే లేదు.

చిన్నవాళ్ల విషయంలో యూరప్ ఎలా నడుచుకుందో చెప్పడానికి నేనెప్పుడూ తలచుకునేది జర్మనీలోని క్నుడెల్స్ అనే చాటింగ్ సైటు కథ. 2018లో దాన్ని హ్యాకర్లు కొల్లగొట్టారు. సుమారు 3,30,000 మంది పాస్‌వర్డులు, ఈమెయిళ్లు బయటపడ్డాయి. పాస్‌వర్డులను ఏ మరుగూ లేకుండా ఉన్నవి ఉన్నట్టు దాచడం ఆ సంస్థ చేసిన తప్పు. సంగతి తెలియగానే అది వాడకందార్లకూ చెప్పింది, నియంత్రణ సంస్థకూ చెప్పింది, తప్పు ఒప్పుకుంది, వారాల్లోనే వ్యవస్థను మార్చుకుంది. జరిమానా 20,000 యూరోలు. ఎవరు ఎక్కువ జరిమానా వేస్తారన్న పోటీ తమకు లేదని, ప్రజల డేటా భద్రత మెరుగవడమే కావాలని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర నియంత్రణాధికారి ఆ సందర్భంలో అన్నారు. తప్పు చిన్నది కాదు. కానీ దాచకుండా చెప్పినవాణ్ణి బతకనిచ్చారు. చిన్న సంస్థలు భయంతో తప్పులు కప్పిపుచ్చుకోకుండా ఉండాలంటే ఇలాంటి తీర్పులు కొన్ని కళ్లముందు ఉండాలి.

ఇప్పుడు మళ్లీ మన చట్టానికి వద్దాం. చిన్న సంస్థలకు ఇందులో ఏముంది?

ఒక మంచి సంగతితో మొదలుపెడతాను. చిన్న కొట్టును ఈ చట్టం మరిచిపోలేదు. చట్టంలోనే ఉదాహరణగా ఒక మందుల షాపు వస్తుంది. కొన్నావిడ తన నంబరిచ్చి, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమంటే, ఆ రసీదు పంపడానికి షాపువాడు ఆ నంబరు వాడుకోవచ్చు. దానికి వేరే సమ్మతి పత్రం అక్కర్లేదు. అదే నంబరుకు వచ్చే నెల "షుగర్ మాత్రలు పది శాతం తగ్గింపు" అని పంపాలంటే మాత్రం అడిగి తీరాలి. ఇది న్యాయమైన గీత, చదువుకోని కొట్టువాడికి కూడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఖాతా పుస్తకంలో పెన్నుతో రాసుకునే బాకీల లెక్కకు ఈ చట్టం వర్తించదు. దాన్ని ఫోనులోకో ఎక్సెల్‌లోకో ఎక్కిస్తే వర్తిస్తుంది.

తర్వాత భాష. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగువాడిగా నాకిది ఎంతో నచ్చిన నిబంధన. అమ్మ ఏ కాగితం మీద సంతకం పెడుతోందో అమ్మకు అర్థం కావాలి. కానీ 22 భాషల ఖర్చు కోట్లమంది వాడే యాప్‌కు లెక్కలోకి రాదు, మా ల్యాబ్ లాంటిదానికి కొండంత. బోర్డే ఒక మామూలు నోటీసును అన్ని భాషల్లో తయారుచేసి ఉచితంగా ఇస్తే ఈ కొండ కరిగిపోతుంది. చిన్న సంస్థ పేరు, తీసుకునే వివరాలు, ఎందుకు తీసుకుంటున్నదీ మూడు ఖాళీల్లో పూరించుకుంటుంది. చట్టం మార్చక్కర్లేని పని, అనువాదకులకు ఒక నెల జీతంతో అయిపోయే పని.

డేటా పొక్కితే బాధితులకు ఆలస్యం చేయకుండా చెప్పాలి, బోర్డుకూ చెప్పాలి, 72 గంటల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. యూరప్‌లోనూ 72 గంటలే, కానీ అక్కడ జనానికి ముప్పు వచ్చే అవకాశం లేదనుకుంటే చెప్పనక్కర్లేదు. మనకు ఆ తేడా లేదు. ఒకే ఒక్క రిపోర్టు పొరపాటున పక్కవాడికి పోయినా, కోటి మంది ఆధార్ నంబర్లు పోయినా అదే వరస. మా ల్యాబ్‌లో ఆ రాత్రి జరిగింది 2027 మే తర్వాత జరిగితే, నలుగురిలో ఎవరో ఒకరు రక్తం తీయడం ఆపి బోర్డుకు నివేదిక రాయాలి.

నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇంకొకటి. ల్యాబ్ వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేరు బయటి కంపెనీది. రోగుల వివరాలన్నీ ఆ కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి. అక్కడ తప్పు జరిగినా చట్టం ముందు జవాబుదారీ ల్యాబే, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే. పెద్ద ఆసుపత్రి అయితే సాఫ్ట్‌వేరు కంపెనీని కూర్చోబెట్టి భద్రతా షరతులు రాయించుకుంటుంది, నష్టం వస్తే నువ్వే భరించాలని సంతకం పెట్టించుకుంటుంది. నెలకు కొన్ని వందలు కట్టే ల్యాబ్ యజమాని ఆ కంపెనీలో ఎవరితో మాట్లాడతాడు? ఇష్టముంటే ఒప్పుకో, లేకపోతే మానుకో అనే బటనే అతనికి కనబడే ఒప్పందం.

మినహాయింపు అసలు లేకపోలేదు. 17వ సెక్షను మూడో ఉపసెక్షను ప్రకారం, వాడే డేటా ఎంత, ఎలాంటిది అన్నవి చూసి, స్టార్టప్‌లతో సహా కొన్ని తరగతుల సంస్థలకు కేంద్రం కొన్ని నిబంధనలు సడలించవచ్చు. ఇక్కడ స్టార్టప్ అంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, ఎల్ఎల్‌పీ, వీటిలో ఒకటై ఉండి ప్రభుత్వ గుర్తింపు పొందింది. 2015–16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు సుమారు 6.33 కోట్లు. వాటిలో 96 శాతం ఒక్క మనిషి సొంతానికి నడిపే ప్రొప్రయిటరీ కొట్లు. 2024 చివరికి గుర్తింపు పొందిన స్టార్టప్‌లు 1.57 లక్షలకు పైగా. సంవత్సరాలు వేరైనా పక్కపక్కన పెట్టి చూస్తే వెయ్యికి రెండో మూడో. స్టార్టప్ గుర్తింపుకు 2019లో పెట్టిన గరిష్ఠ టర్నోవరు 100 కోట్లు. హైదరాబాద్‌లో లక్షలమంది వివరాలు పట్టుకుని 90 కోట్లు అమ్మే యాప్‌కు ఆ మాటలో చోటుంది. తెనాలిలోనో సిద్దిపేటలోనో సొంత పేరుతో జిరాక్స్ సెంటరు నడిపేవాడికి లేదు.

శ్రీకృష్ణ కమిటీ 2018లో చిన్న సంస్థను వేరేగా కొలిచింది. టర్నోవరు 20 లక్షలు దాటకూడదు, గడిచిన ఏడాదిలో ఏ ఒక్కరోజూ 100 మందిని మించి వివరాలు తీసుకుని ఉండకూడదు, తీసుకున్నవి ఇంకొకరికి ఇచ్చేందుకు కాకూడదు. మనుషులు చేత్తో చేసే పనికే ఆ సడలింపు ఇచ్చారు కాబట్టి కంప్యూటరున్న మా ల్యాబ్‌కు అప్పుడైనా దక్కేది కాదు. కానీ ఆ కొలబద్ద పద్ధతి మంచిది. కంపెనీ ఏ చట్టం కింద రిజిస్టరైందని కాక, రోజుకు ఎంతమంది వివరాలు చేతిలో పడుతున్నాయని అడిగింది.

చిన్నవాళ్లందరినీ చట్టం నుంచి తీసేయమని నేను అడగడం లేదు. ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి రిపోర్టు నలుగురున్న ల్యాబ్ నుంచి పోయినా, నాలుగు వేలమంది ఉన్న ఆసుపత్రి నుంచి పోయినా ఆమెకు జరిగేది ఒకటే. ఉద్యోగుల సంఖ్యను బట్టి ఆమె పరువుకు వెల కట్టలేం. 17(3)లో సడలించగల వాటి జాబితాలో నోటీసు, వివరాల కచ్చితత్వం, పని అయ్యాక చెరిపేయడం, పెద్ద సంస్థలకు విధించే అదనపు బాధ్యతలు, మన గురించి ఏం దాచారో అడిగే హక్కు ఉన్నాయి. భద్రత లేదు. పొక్కితే చెప్పాల్సిన బాధ్యతా లేదు. ఆ రెండింటినీ ఈ జాబితాలో చేర్చకపోవడం పార్లమెంటు చేసిన మంచి పని. కాగితాల బరువు తగ్గించండి, తాళం బరువు తగ్గించకండి అన్నదే నేను అడిగేది. మెట్లుమెట్లుగా బరువు పెట్టడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో డేటా నియంత్రణ సంస్థకు వ్యాపారుల్లో చాలామంది ఏటా రుసుము కట్టాలి. 2025 ఫిబ్రవరి నుంచి చిన్నవాడికి 52 పౌండ్లు, మధ్యవాడికి 78, పెద్దవాడికి 3,763. అడుగుకూ పైమెట్టుకూ 72 రెట్లు తేడా.

నియమాల్లో ఒకచోట మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. చిన్నవాడికి పైసా ఖర్చులేని భద్రత ఒకటే, అక్కర తీరగానే చెరిపేయడం. లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు. 2025 నియమాలేమో వ్యక్తిగత డేటానూ, దాన్ని ఎవరు ఎప్పుడు వాడారన్న లాగ్‌లనూ కనీసం ఏడాది ఉంచాలంటున్నాయి. ప్రభుత్వం అడిగితే ఇవ్వడానికి. లాగ్‌లు ఉంచమనడం అర్థమవుతుంది. చిన్న కొట్టువాడు కూడా జనం వివరాలను ఏడాదిపాటు మోయాలనడం అతనికీ భారం, ఆ జనానికీ ముప్పు.

కిందటి నెల ఒక ఆదివారం ల్యాబ్ యజమాని నన్ను పిలిచాడు. ఇద్దరం ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాం. రోజుకు 40 మంది, ఏడాదికి 300 రోజులు, 12,000 రిపోర్టులు. 2019 నుంచి ఒక్కటీ తీసేయలేదు. డెస్క్‌టాప్ మీద "రిపోర్ట్స్" అని ఒకే ఫోల్డరు, తాళం లేదు. 70,000కు పైగా రిపోర్టులు, మనుషుల రక్తం, మూత్రం, గర్భం, హెచ్ఐవీ అందులో ఉన్నాయి.

ముందు కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టాం. ప్రతి పీడీఎఫ్‌కూ రోగి ఫోను నంబరులోని చివరి నాలుగు అంకెలు తాళంగా పెట్టే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేరులోనే ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ ఆన్ చేయలేదు. అది ఆన్ చేశాం. ఆ రాత్రి ఆ తాళం ఉండి ఉంటే ఆ అమ్మాయి కాగితం నా ఫోనులో తెరుచుకునేది కాదు. రిపోర్టులు పంపడానికి అతను వేరే ఫోను కొన్నాడు, 9,000 రూపాయలు. మొత్తం ఖర్చు అంతే.

తర్వాత పాతవి. డాక్టర్లు అడగొచ్చనుకున్నవీ, ఉంచక తప్పనివీ వేరే డిస్కులోకి తీసి తాళం వేశాడు. మిగిలినవాటిలో 2019 ఫోల్డరు మీద మౌస్ పెట్టి కాసేపు ఆగాడు. "వీళ్లలో సగం మంది మన ఊరివాళ్లేనన్నా" అన్నాడు. డిలీట్ నొక్కాడు. పాత కంప్యూటరు కాబట్టి పదకొండు నిమిషాలు పట్టింది. అతను కుర్చీలోంచి లేవకుండా, తెర మీద పేర్లు ఒక్కొక్కటే పోతుంటే చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు.